అడ్డకొమ్మ

అడవిలోని చిన్న గూడెం ఊటవాగు గుంపు. అక్కడి ఆడవాళ్లు ఒకరి మాట ఒకరు అంత తేలిగ్గా నమ్మరు. ఎవరి కోడి ఎవరి ఇంటి వెనక గుడ్డు పెట్టిందన్న దగ్గర నుంచి, ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడిపోయాడన్న దాకా ప్రతిదానికీ సాక్ష్యం కావాలి. కానీ అడవిలో బాటకు అడ్డంగా పడి ఉన్న పచ్చికొమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ముందు వెళ్లినవాళ్లు బాట చీలే చోట, పోకూడని వైపు ఒక కొమ్మ విరిచి అడ్డం వేస్తారు. వెనక వచ్చేవాళ్లు దాన్ని చూసి రెండో వైపు తిరుగుతారు. వేసినవాళ్లే దాన్ని తీయాలి, ఇంకొకరు వేలు పెట్టరు. ఆ గుంపులో తాతల నాటి నుంచి దొంగసారా కాసినవాళ్లున్నారు, పక్కవాడి చేను గట్టు జరిపినవాళ్లున్నారు. దొంగకొమ్మ వేసినవాళ్లు మాత్రం లేరు.

పూర్వం ఆ కొమ్మ చిన్న సంగతులే చెప్పేది. పిల్లల తల్లి ఎలుగుబంటి అటు తిరుగుతోందనో, వాగు దగ్గర ఒడ్డు విరిగిందనో. తర్వాత అన్నలు ఎర్రగుట్ట మీద మకాం పెట్టారు. అడవిలో తుపాకులతో తిరిగే మావోయిస్టులను అక్కడ అందరూ అన్నలనే అంటారు, సొంత అన్నలకు కూడా దక్కని మర్యాద అది. పోలీసులు తమ మీదికి రాకుండా వాళ్లు కాలిబాటల్లో మందుపాతరలు పాతడం మొదలుపెట్టారు. మొదట్లో, ఫలానా బాటన రావద్దని గుంపుకు కబురు పంపేవాళ్లు. పోయిన ఏడాది నుంచి ఆ కబురు కూడా మానేశారు. చెప్తే మీలో ఎవరో ఒకరు పోలీసులకు చేరేస్తారన్నారు. నాగక్క ఎద్దు అట్లాగే పోయింది. వెదురు కోసం వెళ్లిన పక్క గుంపు మనిషీ అట్లాగే పోయాడు. అది పోలీసుల కోసం పెట్టిందని అన్నలు చెప్పుకున్నారు. ఆ సంగతి మందుపాతరకు ఎవరు చెప్పాలి?

పోలీసులూ తక్కువేం తినలేదు. తెల్లారేసరికి గుంపును చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికేవాళ్లు. నిన్న ఎవరు ఏ బాటన పోయారు, ఎవరు ఎదురుపడ్డారు, ఎవరికి అన్నం పెట్టారు, ఇవే ప్రశ్నలు. ఇద్దరికీ జవాబులు చెప్పలేక ఆడవాళ్లు బాటల సంగతి నోటితో మాట్లాడుకోవడమే మానేశారు. రేపు ఎటు పోతున్నామని అత్త కోడలికి చెప్పదు, కోడలు అడగదు. నోరు దాటని మాటను ఎవరూ కొట్టి చెప్పించలేరు. ఇక మిగిలింది ఆ కొమ్మ ఒక్కటే.

ఆ కొమ్మ వేసే పని కొండమ్మది. మొగుడు సమ్మయ్య పోయాక ఇప్పపూల కాలంలోనూ, బీడీలకు వాడే తునికాకు కోసే కాలంలోనూ ఆడవాళ్లను అడవికి తీసుకుపోయేది ఆవిడే. ఆవిడ దగ్గర మంత్రమేమీ లేదు. పొద్దున పశువులు ఏ బాటన వెళ్లి సాయంత్రం క్షేమంగా ఇంటికొచ్చాయో చూసుకుంటుంది. ఆ బాట తెరిచి ఉంచుతుంది, పశువు నడవని బాటకు కొమ్మ వేస్తుంది. అందరూ చేతికందిన చెట్టు విరిస్తే ఈవిడ మాత్రం పనిగట్టుకుని వాగొడ్డుకు పోయి నేరేడు కొమ్మ తెస్తుంది. ఆకు నిండుగా ఉంటుంది, మసక వెలుతురులో కూడా కనిపిస్తుంది. ఎర్రగుట్ట కింద నేరేడు చెట్టే లేదు గనుక, అక్కడ నేరేడు కొమ్మ కనపడితే అది కొండమ్మదేనని పిల్లలకు కూడా తెలుసు.

ఎర్రగుట్ట కింద బాట రెండుగా చీలుతుంది. కుడివైపుది పశువుల బాట, కొంచెం చుట్టు. ఎడమవైపుది గుట్ట బాట, దగ్గర దారి. రెండూ పోయి ఇప్పచెట్ల దగ్గరే కలుస్తాయి. చలికాలం నుంచి గుట్ట బాటన ఒక్క పశువు కూడా నడవలేదు. అందుకే ఆ సీజనంతా కొండమ్మ నేరేడు కొమ్మ గుట్ట బాట మీదే ఉంది. ఆకు వాడితే తీసి కొత్తది వేసేది.

వాగుకు ఇవతల పోలీసు క్యాంపు పెట్టినప్పుడు గుంపులో ఎవరికీ నచ్చలేదు. కొండమ్మకు అసలే నచ్చలేదు. అయితే ఆ వానాకాలం ఆవిడ కొడుకు రమణకు జ్వరం వచ్చి కళ్లు తేలేశాడు. వాగు పొంగి ఉంది. క్యాంపు ఎస్సై ఉదయ్ భాస్కర్ మంచంతో సహా రమణను జవాన్లతో మోయించి వాగు దాటించాడు. తానే మంచం కోడు ఒకటి పట్టి నడుముల దాకా నీళ్లలో నడిచాడు. కొడుకు దవాఖానా నుంచి నడిచొచ్చాక కొండమ్మ ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోలేకపోయింది. ఆయనది వేంసూరు అట, పామాయిల్ తోటలున్నవాళ్లట. ఎండకు నల్లబడ్డ ముఖం, నవ్వితే మాత్రం బడికి పోయే పిల్లాడిలా ఉంటాడు. ఆవిడను పెద్దమ్మా అని పిలిచేవాడు.

ఒకరోజు గస్తీకి వెళ్తున్న జవాను ఒకడు ఎర్రగుట్ట కింద నేరేడు కొమ్మను బూటుతో పక్కకు తన్నబోయాడు. పుల్లలు ఏరుతున్న కొండమ్మ అక్కడి నుంచే గట్టిగా కేక పెట్టింది.

ఉదయ్ భాస్కర్ వెనక్కి వచ్చాడు. "ఏం పెద్దమ్మా, ఆ కొమ్మ నీకేమన్నా చుట్టమా? అంత కేకేశావ్?"

కొండమ్మ చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది. అన్నలకు కూడా ఎవరూ విడమరిచి చెప్పని సంగతి అది. కానీ ఎదురుగా ఉన్నది తన కొడుకును మోసిన మనిషి. ఆ వెనక ఉన్న జవాన్లు కూడా ఏ తల్లో కన్న బిడ్డలే, తెలియక ఆ బాటన పోతే వాళ్ల కాళ్లు కూడా పోతాయి. అందుకని చెప్పింది. అడ్డకొమ్మ అంటే ఏమిటో, నేరేడు కొమ్మ ఎవరిదో, ఎవరు వేయాలో, ఎవరు తీయాలో అంతా చెప్పింది.

"చూసి పక్కకు పోర్రి బిడ్డా. గంతే. దాన్ని ముట్టుకోవద్దు, మీరు కొత్తగ ఏయవద్దు. మా ఆడోళ్ల పానాలన్నీ దాని మీదనే ఉన్నయ్."

"నా మాట నమ్ము పెద్దమ్మా. నా మనుషులెవరూ దాని జోలికి రారు. ఇది నాతోనే ఉంటది" అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆవిడ అరచేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కొండమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. తప్పు చేశానని కాదు. మంచి పనే చేశానని లోపల్లోపల సంతోషంగానే ఉంది. అయినా చెప్పలేదు.

ఇప్పపూల సీజను నడుస్తుండగా ఒక సాయంత్రం జవాను బండి మీద ఇంటి ముందుకొచ్చాడు. "సారు రమ్మన్నడు. రేపు పొద్దుగాల క్యాంపుకు కండ్ల డాక్టర్ వస్తుండు. జల్దీ రావాలె, లైను ఉంటది" అని చెప్పి పోయాడు.

సూదిలో దారం ఎక్కడం లేదని కొండమ్మ ఎప్పుడో ఒకసారి మాటవరసకు అంది. అది గుర్తుపెట్టుకున్నాడని మురిసిపోయింది. పొద్దు గుంకకముందే వెళ్లి గుట్ట బాట మీద వాడిన కొమ్మ తీసేసి కొత్త నేరేడు కొమ్మ వేసి వచ్చింది. ఇంట్లో కోడలు పుష్పలత గంపలు సర్దుతోంది. రెండేళ్ల కింద టేకులపల్లి నుంచి వచ్చిన పిల్ల. చేతిలో చురుకు, కాలిలో చురుకు, మాట మాత్రం పొదుపు.

"రేపు నేను రాను బిడ్డా. నువ్వే ముంగట ఉండు" అంది కొండమ్మ. "కొమ్మ జూసి నడువు."

"అవ్ అత్తా."

అంతకు మించి ఆ ఇంట్లో మాట్లాడుకోలేదు. ఏ బాటని ఒక్క ముక్క అని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ ముక్క అనకూడదని అటు అన్నలూ ఇటు పోలీసులూ కలిసి ఆ గుంపుకు నేర్పిపెట్టారు కదా.

మర్నాడు తొలివెలుగుకే కొండమ్మ క్యాంపులో ఉంది. రేకుల షెడ్డు కింద బల్ల మీద కూర్చోబెట్టారు. లైను లేదు. డాక్టరూ లేడు. ఒక జవాను స్టీలు గ్లాసులో చాయ తెచ్చిచ్చాడు.

"సారేడి?" అని అడిగింది.

"బయటికి పోయిండు. నువ్వు కూసో, వస్తడు."

చాయ బాగుంది, చక్కెర ఎక్కువ వేశారు. ఇంకా సగం గ్లాసు ఉండగా ఎర్రగుట్ట వైపు నుంచి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఏమిటో ఆ అడవిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. కొండమ్మ లేచి పరిగెత్తింది. గేటు దగ్గర జవాను ఆగమన్నాడు, ఆగలేదు. చేతిలో గ్లాసు ఉన్న సంగతి కూడా ఆవిడకు తెలియదు.

బాట చీలే చోటికి చేరేసరికి ఆడవాళ్లు చెట్ల కింద కుప్పగా కూలబడి ఉన్నారు. పూలగంపలు దొర్లిపోయి ఉన్నాయి. పుష్పలత లేదు.

"సారోళ్లు ఎత్కపోయిర్రు బండ్ల" అంది నాగక్క. ఆమె చీరంతా నెత్తురు. "కాలు పోయింది వదినా. పానం ఉన్నది. కాలు పోయింది."

"గుట్ట బాటకు ఎందుకు పోయిర్రే?" అంది కొండమ్మ.

నాగక్క ఆవిడ ముఖంలోకి చూసింది. "నువ్వు కొమ్మ ఏసినవ్ గదా. పశువుల బాట మీద ఏసినవ్. నిన్న పోయిన బాటనే గదా అని నేనన్న. అత్త ఏసిన కొమ్మ, అత్త ఊకెనే ఏయదు అన్నది పుష్ప. గుట్ట బాట తెరిచే ఉన్నది గదా అని తనే ముంగట నడిచింది."

కొండమ్మ తిరిగి చూసింది. నేరేడు కొమ్మ పశువుల బాటకు అడ్డంగా పడి ఉంది. తన కొమ్మే, నిన్న సాయంత్రం విరిచిందే. మొదలు దగ్గర తాను ఒలిచిన బెరడు వేలాడుతోంది. గుట్ట బాట మీద దాన్ని ఈడ్చిన గీత కనిపిస్తోంది. ఆ గీత పక్కన బూటు గుర్తులు.

"సారోళ్లు ఎట్నుంచి వచ్చిర్రు?" అని అడిగింది.

"పశువుల బాటల నుంచే ఉరికొచ్చిర్రు. పొదల్ల ఉన్నట్టున్నరు."

కొండమ్మ మళ్లీ ఆ గీత వైపు చూసింది. కూర్చుందామంటే ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? ఆ కొమ్మ అర్థం వాళ్లకు చెప్పింది ఎవరని ఎవరైనా అడిగితే?

భద్రాచలం దవాఖానాలో పుష్పలత ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. రమణ మంచం పట్టీ పట్టుకుని కూర్చున్నాడు, పలకరిస్తే పలకడు. మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. ఉదయ్ భాస్కర్ పుష్పలతను చేతుల మీద మోసుకుపోతున్న బొమ్మ. మావోయిస్టుల ఘాతుకం, మానవత్వం చాటిన పోలీసు అని రాశారు. నర్సులు ఆ పేపరు తెచ్చి చూపించారు. రాసినదాంట్లో అబద్ధం లేదు. మందుపాతర పెట్టింది అన్నలే, మోసింది ఆయనే. సగం నిజం ఎంత శుభ్రంగా కనిపిస్తుందో కొండమ్మకు అప్పుడు తెలిసింది.

తెలివి వచ్చాక పుష్పలత అడిగిన మొదటి మాట ఒకటే.

"అత్తా, కొమ్మ నువ్వే ఏసినవా?"

కొండమ్మ తడి గుడ్డతో ఆ పిల్ల ముఖం తుడుస్తూ ఉండిపోయింది. పుష్పలత మళ్లీ అడగలేదు.

గుంపుకు తిరిగొచ్చేసరికి జవాబు దానంతటదే తయారై ఉంది. కొండమ్మకు కళ్లు మసకబారాయి. ఆ పొద్దు కళ్ల డాక్టర్ కోసమే కదా క్యాంపుకు పోయింది. పాపం, సాయంత్రపు వెలుతురులో ఒక బాటకు వేయాల్సింది ఇంకో బాటకు వేసింది. ఊరంతా ఇదే అనుకున్నారు. ఎవరూ తిట్టలేదు. నాగక్క అయితే వచ్చి, నా కండ్లూ గట్లనే ఉన్నయ్ వదినా అని ఓదార్చింది కూడా. ఆ ఓదార్పు కంటే నాలుగు తన్ని ఉంటే బాగుండేదనిపించింది కొండమ్మకు.

కొన్నాళ్లకు అన్నల నుంచి కూడా కబురొచ్చింది. పొరపాటు జరిగింది, ఆ బిడ్డకు జరిగినదానికి చింతిస్తున్నాం అన్నారు. అది పోలీసుల కోసం పెట్టిందే అన్నారు, ఆ మాట వాళ్లకు నోటికొచ్చిన పాఠం. కబురు చివర ఒక ప్రశ్న ఉంది. ఇన్నాళ్లూ ఆ బాటన రాని ఆడవాళ్లను ఆ పొద్దు అటు మళ్లించింది ఎవరు? ఆ ప్రశ్నకు దొరికే జవాబును వాళ్లు ఏం చేస్తారో గుంపులో అందరికీ తెలుసు. ఇన్‌ఫార్మర్ అని ఒక్కసారి పేరు పడితే మనిషి మిగలదు.

కొండమ్మ చాయ గ్లాసు కొంగున కట్టుకుని క్యాంపుకు పోయింది. ఉదయ్ భాస్కర్ ఆవిడను చూసి కుర్చీలోంచి లేచాడు. ఆవిడ గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

"మీదే సారూ. ఆ పొద్దు నా చేతిలనే వచ్చింది."

"కూర్చో పెద్దమ్మా. పుష్పలతకు ఎట్లా ఉంది?"

"కండ్ల డాక్టర్ వచ్చిండా?"

"రాలేదు. ఆ రోజు ఆయనకు..."

"వస్తనని అన్నడా అసలు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. కొంతలో కొంత అది నయం.

"పశువుల బాటన అన్నలు దిగుతారని మాకు సమాచారం వచ్చింది పెద్దమ్మా. మేం తెల్లారకముందే పోయి పొదల్లో కూర్చున్నాం. మీ ఆడవాళ్లు మధ్యలోకి వస్తే కాల్పుల్లో పోతారు. వాళ్లు అటు రాకూడదనే కొమ్మ వేయించా. మీవాళ్ల మంచికే చేశా."

"ఆ బాట మూసినవ్, మంచిదే. నేను మూసిన బాట ఎందుకు తెరిచినవ్?"

"వేరే కొమ్మ వేస్తే మీవాళ్లు నమ్మరు కదా. నేరేడు కొమ్మ అయితే నీదని అందరికీ తెలుసన్నావ్. మావాళ్లు వాగు దాకా పోయే టైం లేదు. ఉన్నదాన్నే జరిపారు." ఆయన గొంతు తగ్గింది. "గుట్ట బాటలో నిజంగా పెట్టి ఉంటారని అనుకోలేదు. నువ్వు ఊరికే ముందుజాగ్రత్తకు వేస్తున్నావనుకున్నా."

"నడిచి జూసినవా?"

ఆయన బల్ల మీది గ్లాసును పక్కకు జరిపాడు.

"ఒక్క పూట పూలకు పోవద్దని గుంపుల చెప్తే అయిపోతుండె గద సారూ. ఎవ్వరం కదలకపోదుము."

"చెప్తే మీలో ఎవరో ఒకరు అన్నలకు చేరేస్తారు పెద్దమ్మా."

ఈ మాట కొండమ్మ ఇదివరకు విన్నదే. అన్నలు మందుపాతరల కబురు మానేసినప్పుడు అచ్చం ఇట్లాగే అన్నారు, పేరు ఒక్కటే తేడా. ఇటువాళ్లూ అటువాళ్లూ ఒక్క విషయంలో మాత్రం కలిసిపోయారు.

"నేను గూడనా?" అంది.

"నిన్ను అనట్లేదు."

"మరి నన్నెందుకు తెచ్చి ఈడ కూసోబెట్టినవ్?"

ఉదయ్ భాస్కర్ తల దించుకుని అన్నాడు. "నువ్వు అక్కడుంటే కొమ్మ జరిగిందని కనిపెట్టేదానివి. అదొకటి. నీకేం కాకూడదని కూడా."

కొండమ్మకు అప్పుడు ఏడుపు వచ్చింది. కాలు పోయిన రోజు కూడా రాని ఏడుపు. తనను నమ్మలేదని కాదు. తాను వేసిన కొమ్మను మనుషులు ఎంత నమ్ముతారో అంతా కనుక్కుని, ఆ నమ్మకాన్ని కొలిచి మరీ వాడుకున్నాడు. చక్కెర ఎక్కువ వేసిన చాయ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఇంతకంటే ఏ కోపిష్టి పోలీసో లాఠీతో కొట్టి అడిగి ఉంటే ఆవిడ ఒక్క మాట చెప్పేది కాదు.

"ఆ పొద్దు పశువుల బాటన ఎవరన్న వచ్చిర్రా?" అని అడిగింది కళ్లు తుడుచుకుని.

"లేదు. ఎవరూ రాలేదు."

ఆవిడ లేచింది. గుమ్మం దాటుతుంటే ఆయన వెనక వచ్చాడు, మెల్లగా అన్నాడు. "ఇది మన మధ్యనే ఉండనీ పెద్దమ్మా. కొమ్మ సంగతి పోలీసులకు ఎవరు చెప్పారని మీవాళ్లు అడుగుతారు, అన్నలు అడుగుతారు. ముందు నీకే కష్టం. నిజంగానే కళ్ల డాక్టర్‌ని పిలిపిస్తా. కళ్లు కనపడక జరిగిందని ఊళ్లో అనుకుంటున్నారట కదా, అట్లాగే ఉండనీ."

ఆ మాట ఆయన బెదిరించి అనలేదు. జాలిగానే అన్నాడు. ఆవిడ చెప్పిన రహస్యాన్ని ఆవిడ మెడకే తాడులా చుట్టి, ఆ కొస మాత్రం తన చేతిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి నాగక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వసారాలో ఉన్నారు. పుష్పలత మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. తునికాకు దగ్గరపడింది, ఎప్పటి నుంచి పోవాలి, ఈసారి కొమ్మ ఎవరు వేయాలి అని మాటలు నడుస్తున్నాయి. కొండమ్మను చూసి ఆపేశారు.

"అత్తను ఏమనకుర్రి" అంది పుష్పలత. "కండ్లు కనపడకపోతే అత్త మాత్రం ఏం జేస్తది? పోనీయుర్రి."

అంతే. ఆ పిల్ల తన కాలు తీసుకున్న మనిషిని అంత మామూలుగా వదిలేసింది. ఆ క్షమాపణను తీసుకుని మంచినీళ్లు తాగి పడుకుంటే కొండమ్మ బతికి బట్టకట్టేది. అన్నలకూ అనుమానం వచ్చేది కాదు. కళ్లు పోయిన ముసలిదని ఊరు చూసుకునేది. అట్లా బతకొచ్చని ఆవిడకు కూడా అనిపించింది. కానీ కోడలు జాలిగా చూస్తున్న ఆ చూపు తన మీద నిలవనివ్వలేకపోయింది.

"నా కండ్లకు ఏం కాలే" అంది. "నేను గుట్ట బాటకే ఏసిన. కొమ్మను జరిపింది పోలీసోళ్లు."

నాగక్క లేచి నిలబడింది. "వాళ్లకేం ఎరుక కొమ్మ సంగతి?"

"నేనే చెప్పిన."

ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. కేక పెట్టిన రోజు, చేతిలో చెయ్యి వేసిన సంగతి, రాని డాక్టర్, తాగిన చాయ. దేన్నీ తగ్గించలేదు. చెప్పడం అయిపోయింది. బయట మేకపిల్ల ఒకటి తల్లి కోసం అరుస్తోంది.

పుష్పలత తన దుప్పటి కింద కాలు లేని చోటును చూసుకుంది. "నిన్న బాట మీద నాగక్కత్త వద్దనె. నేనే ఆమె నోరు మూయించిన" అంది, అదంతా నిన్ననే జరిగినట్టు. "మా అత్త ఏసిన కొమ్మ అని జెప్పిన."

"బిడ్డా..."

"కండ్లు పోయినయనుకుంటనే బాగుండె అత్తా."

కొండమ్మ ఆ పిల్ల దగ్గరికి పోబోయింది. పుష్పలత చెయ్యి అడ్డం పెట్టింది. కొట్టడానికి కాదు, దగ్గరికి రావద్దని.

"ఈ సంగతి ఈ వసారా దాటి పోవద్దు" అంది పుష్పలత, ఆడవాళ్ల వైపు తిరిగి. "దాటితే అన్నలు అత్తను ఉంచరు. గట్లయ్యేది నాకొద్దు." తర్వాత అత్త ముఖం చూడకుండానే అంది. "తునికాకుకు కొమ్మ ఏయకు. ఇంకెవ్వరు గూడ ఏయొద్దు. నువ్వే ముంగట నడువు. నువ్వు తొక్కి పోయిన కాడ వీళ్లు తొక్కుతరు."

నాగక్క పుష్పలత దుప్పటి సర్దింది. కాదని అనలేదు.

తునికాకు మొదలైన పొద్దు అందరూ ఎర్రగుట్ట కింద బాట చీలే చోట ఆగారు. వాడి ఎండి ముక్కలైన నేరేడు కొమ్మ ఇంకా పశువుల బాట మీదే పడి ఉంది, ఆకులన్నీ రాలిపోయాయి. వేసినవాళ్లే తీయాలి గనుక దాన్ని ఎవరూ తీయలేదు. కొండమ్మ వంగి తీసి పొదలోకి పడేసింది. అలవాటుకొద్దీ చెయ్యి పక్కనున్న కొమ్మ మీదికి పోయింది. నాగక్క గొంతు సవరించుకుంది. కొండమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

పశువుల బాటన అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. ఇన్నేళ్లుగా నడిచిన బాటే, అయినా నేల చూసుకుంటూ ఒక్కో అడుగు వేస్తోంది. వెనక ఆడవాళ్లు కాస్త దూరంలో నడుస్తున్నారు. ఇదివరకు ఈ బాటన ఎంత గోల ఉండేదో, ఎవరి మొగుడి మీదో పరాచికాలు, ఎవరి అత్త మీదో పాటలు. ఇప్పుడు ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కొండమ్మ ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగింది, ఎవరైనా పలకరిస్తారేమోనని.

ఎవరూ ఆవిడ ముఖం చూడటం లేదు. అందరి కళ్లూ ఆవిడ పాదాల మీదే ఉన్నాయి.